నోబుల్ దొరగారు – బందరు మట్టిలో విత్తనము



బందరులోని సెయింట్ మేరీస్ దేవాలయమును చూడబోయినవారు అచ్చట మొదట వినునది 1809లో మరణించిన అరబెల్లా రాబిన్సన్ అను యువతి కథ. మా సంఘ యువజనులతో కలిసి వెళ్లినప్పుడు మేమును ఆ కథ విని, పాత సమాధుల నడుమ మెల్లగా నడిచితిమి. అంతలో ఒక యువకుడు, బందరుకు వచ్చి బడి పెట్టిన నోబుల్ దొర మన తాతలను ఆ బడిలో చేర్చుకొనలేదట గదా, ఆయనను మనమెందుకు స్మరించవలెనని అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబుగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారు అదే 1809లో ఇంగ్లండులో ఒక పాదిరిగారి యింట జన్మించిరి. కేంబ్రిడ్జిలో చదివిరి. 1841లో చర్చి మిషనెరీ సొసైటీ పక్షమున హెన్రీ వాట్సన్ ఫాక్స్ గారితో కూడ తెలుగు దేశమునకు వచ్చిరి. ఇద్దరును పని పంచుకొనిరి. ఫాక్స్ గారు ఊరూర తిరిగి సువార్త ప్రకటించిరి. నోబుల్ గారు బడిని ఎన్నుకొనిరి. ఫాక్స్ గారు భార్యను పోగొట్టుకొని, ఆరోగ్యము చెడి, స్వదేశమునకు మరలి 1848లో నిద్రించిరి. నోబుల్ గారు మాత్రము వివాహము చేసికొనలేదు, మరల స్వదేశమును చూడలేదు.

1843 నవంబరులో ఇద్దరు పిల్లలతో ఆ బడి మొదలయ్యెను. పై కులములవారు మారినయెడల తక్కినవారు వెంట వత్తురని ఆయన తలంచిరి. అందుచేత అంటరానివారని లోకము త్రోసివేసిన మన పెద్దలకు ఆ బడి తలుపు తెరువబడలేదు. ఇది దాచదగిన సంగతి కాదు.

1852లో ఆ బడి విద్యార్థులైన మంచాల రత్నము, అయినాల భూషణము గార్లు బాప్తిస్మము పొందిరి. పట్టణము అల్లకల్లోలమై, తలిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి దాదాపు శూన్యమయ్యెను. ఏండ్ల కష్టము ఒక్క దినమున కూలినట్లున్నను నోబుల్ గారు ఆ యిద్దరిని విడువలేదు. బడి మరల నిండెను. ఆ శిష్యులు తరువాత గురుపట్టము పొందిరి.

అయితే దేవుని ఆలోచన మనుష్యుల ఆలోచనకు లోబడునా? నోబుల్ గారు బందరులో ఉండగానే, 1859లో, రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్యగారు డార్లింగు దొరగారిచేత బాప్తిస్మము పొందిరి. ఆయన మాల కులస్థుడు, బడి ఎరుగనివాడు. కృష్ణాసీమలో మన సంఘములలో అనేకము ఆ పల్లె దీపమునుండి వెలిగినవే. పైనుండి క్రిందికి వచ్చునని నోబుల్ గారు ఎదురుచూచిన వెలుగు క్రిందనుండి లేచెను.

1864 నవంబరు 1 రాత్రి సముద్రము బందరు మీదికి వచ్చెను. సుమారు ముప్పది వేలమంది మరణించిరి. 1977 నాటి దివిసీమ ఉప్పెనను కన్నులార చూచినవారికి ఆ రాత్రి యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఉప్పెనను తప్పించుకొనిన నోబుల్ గారు ఏడాది తిరుగకముందే, 1865 అక్టోబరు 17న, బందరులోనే ప్రభువునందు నిద్రించిరి. ఇరువది నాలుగేండ్లు ఒకే ఊరు, ఒకే పని.

ఆయన నాటిన బడి కళాశాలయై, భోగరాజు పట్టాభిసీతారామయ్య వంటి దేశభక్తులకు విద్య గరపెను. నాడు మూయబడిన ఆ తలుపులోనికి నేడు అన్ని కులముల బిడ్డలు వెళ్లుచున్నారు. కనుక ఆ యువకునికి నా జవాబిది: భక్తుల విశ్వాసమును అనుసరించుదము, వారి పొరపాటును తెలిసికొందము. వారు తెరువలేకపోయిన తలుపును మనము ఎవరికిని మూయకుందుము గాక. శతవత్సర పండుగలో ఆ పాత సమాధుల యొద్ద మనము చేయదగిన ప్రార్థన యిదియే. ఆమేన్.