దిద్దుబాటుకు వెరవని గురజాడ

గురజాడ వేంకట అప్పారావు గారిని సంఘసంస్కర్తగాను, భాషోద్యమ నాయకునిగాను విమర్శకులు విస్తృతంగా పరిశీలించారు. తన రచనలోని కొరతను గుర్తించి, ఇతరుల సూచనను మన్నించిన రచయితగా ఆయనను చూడడం ఈ వ్యాసోద్దేశం.

అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న విశాఖ మండలం ఎలమంచిలి తాలూకా రాయవరంలో జన్మించారు. తండ్రి వేంకట రామదాసు, తల్లి కౌసల్యమ్మ. చీపురుపల్లిలో విద్యారంభం చేసి, విజయనగరంలో కళాశాల ప్రధానాచార్యులు చంద్రశేఖర శాస్త్రి గారి ఆదరణలో చదువుకొని, 1886లో బి.ఏ. పట్టం పొందారు.

విద్యార్థి దశలోనే, 1883లో, ఆయన సారంగధర కథను ఆంగ్లపద్య కావ్యంగా రచించారు. అది ఇండియన్ లీజర్ అవర్ పత్రికలో వెలువడింది. కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రికా సంపాదకులైన శంభుచంద్ర ముఖర్జీ దానిని పునర్ముద్రించి, ప్రశంసించి, ఒక హితవు కూడా పలికారు. ఎంత నేర్పుతో వ్రాసినా ఆంగ్లం పరభాషే కనుక మాతృభాషలో రచన చేయుమన్నదే ఆ హితవు. ముఖర్జీ తెలుగువారు కారు. తెలుగు రచనలో ఒక్క పంక్తిని దిద్దిపెట్టవలసిన పని ఆయనకు లేదు. అయినా యువకవికి తెలియని తన హద్దును ఆయన చూపగలిగారు. నిందించినవానిని తప్పుపట్టి ఊరడిల్లవచ్చు. మెచ్చుకొన్నవాడే దారి మార్చుకొమ్మంటే ఆ వీలు లేదు. వంగదేశంలో మైకేల్ మధుసూదన దత్తు 1849లో కాప్టివ్ లేడీ అనే ఆంగ్లకావ్యం ప్రకటించినపుడు బెథూన్ దొర ఇట్టి సలహానే ఇచ్చాడు. దత్తు వంగభాషా మహాకవి అయ్యాడు.

అప్పారావు గారు తెలుగు వైపు మరలారు. 1892లో విజయనగరంలో ప్రదర్శితమైన కన్యాశుల్కం 1897లో ఆనంద గజపతి మహారాజుకు అంకితంగా అచ్చయింది. నాటకం మెప్పు పొందింది. అంతటితో తృప్తిపడి ఉంటే ఆయన కీర్తికి లోటేమీ లేదు. కాని 1909 నాటి రెండవ కూర్పు మొదటిదానికి కేవలం సంస్కరణ కాదు, దాదాపు నూతన రచన. ఐదంకాలు ఏడంకాలయ్యాయి. మధురవాణి నాటకానికి కేంద్రస్థానంలోకి వచ్చింది. తాను మెచ్చుకోలు పొందిన గ్రంథాన్నే విప్పి మళ్ళీ అల్లడానికి కావలసిన నిర్మమత్వం సామాన్యం కాదు. మరుసటి యేడు వెలువడిన ఆయన కథ పేరు దిద్దుబాటు కావడం యాదృచ్ఛికమే కావచ్చు!

ఇక్కడ ఒక ప్రాసంగిక విషయం. ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైనది 1889లో, అనగా కన్యాశుల్క ప్రదర్శనకు మూడేండ్ల ముందు. కాలాంతరంలో రామగుండం, గోదావరిఖని ప్రాంతాల కథకులు గనిని బాయి అనే, తట్టా చెమ్మస్ పట్టిన కార్మికుల పలుకుబడినే కథల్లోకి తెచ్చారు. వాడుకభాష రంగస్థలానికి తగదన్న అపోహను అప్పారావు గారు ముందే తొలగించి ఉన్నారు.

అయితే ఆయన అందరి మాటకూ తలవంచినవారు కారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించి, అధికసంఖ్యాకుల అభిప్రాయాన్ని శాస్త్రీయంగా ప్రతిఘటించారు. 1915 నవంబరు 30న పరమపదించారు. బిల్హణీయం, కొండుభట్టీయం అసంపూర్ణంగా మిగిలాయి. 1969లో బంగోరె మొట్టమొదటి కన్యాశుల్కాన్ని మరల వెలికితెచ్చారు; అప్పారావు గారు ఏమేమి కొట్టివేసుకొన్నారో నేటి పాఠకుడు రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి చూడవచ్చు.