ముసవ్విర్ జంగ్ రాజా దీన్‌దయాళ్

ఆసఫ్‌జాహీ దర్బారును అలంకరించిన కవులను గూర్చి, మంత్రులను గూర్చి, ప్రభువుల వితరణను గూర్చి మన విద్యార్థులు ఎంతో కొంత విని వుంటారు. కాని ఆ ప్రభువుల, మంత్రుల ముఖాలు నేడు మన కళ్ళకు కట్టినట్లు కనబడడానికి ప్రధాన కారకుడైన వ్యక్తిని గూర్చి విన్నవారు తక్కువ. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఛాయాచిత్రం ఏ గ్రంథంలో కనబడినా దాని వెనుక నిలిచి వున్నవాడు తరచుగా ఒక్కడే. ఆయన లాలా దీన్‌దయాళ్. ఆయన దక్కను వాడు కాడు, ముస్లిం కాడు, పుట్టుకతో కళాకారుడూ కాడు. పబ్లిక్ వర్క్స్ శాఖలో నక్షాలు గీసుకొనే ఒక చిన్న ఉద్యోగి.

1844లో మీరట్ సమీపంలోని సర్ధానా పట్టణంలో, నగల వర్తకం చేసే జైన కుటుంబంలో దీన్‌దయాళ్ జన్మించాడు. చరిత్ర విద్యార్థులకు సర్ధానా పేరు వినగానే బేగం సమ్రూ గుర్తుకు వస్తుంది. స్త్రీ అయి వుండీ సైన్యాన్ని నడిపి, ఆ జాగీరును ఏలిన ఆ ధీరవనిత గతించిన ఎనిమిదేళ్ళకు ఆయన పుట్టాడు. వంశవృత్తి అయిన రత్నాల బేరం ఆయనను ఆకర్షించలేదు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరి, అక్కడి క్రింది స్థాయి ఇంజనీరింగు తరగతిలో శిక్షణ పొందాడు. బ్రిటిష్ ఇండియాలో ఇంజనీరింగు బోధించిన మొదటి కళాశాల అదే. 1866లో ఇందోరులోని పబ్లిక్ వర్క్స్ కార్యాలయంలో ప్రధాన ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం దొరికింది.

ఆయన జీవితచరిత్ర వ్రాసేవారు ఈ ఇంజనీరింగు చదువును ఒక్క వాక్యంలో దాటిపోతుంటారు. అది సరికాదని నా అభిప్రాయం. ఒక కట్టడాన్ని ఎక్కడ నిలబడి చూస్తే దాని అంతస్తులు, తోరణాలు, మెట్లు ఒకదానికొకటి పొందికగా కనబడతాయో నక్షా గీసేవానికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు. దీన్‌దయాళ్ తీసిన గ్వాలియరు కోట చిత్రాలను, దతియా రాజభవనం చిత్రాన్ని చూచినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

కెమెరా ఆయన చేతికి 1874 ప్రాంతంలో, అంటే ముప్పయ్యవ యేట వచ్చింది. ఇందోరు మహారాజు రెండవ తుకోజీరావ్ హోల్కర్, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా వుండిన సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినపుడు ఆ సందర్భాన్ని చిత్రించే అవకాశం కూడా లభించింది. కచేరీ పని కచేరీదే, ఈ వ్యాసంగం వ్యాసంగమే అన్నట్లు రెంటినీ కొన్నేళ్ళు సాగించాడు.

ఇక్కడ కొంచెం ఆగి, ఆనాటి ఛాయాగ్రహణం ఎట్లా జరిగేదో చెప్పుకోవాలి. జేబులోని ఫోను తీసి క్షణంలో పది ఫోటోలు తీసే నేటి విద్యార్థికి ఆ శ్రమ ఊహకు అందదు. ఆయన కెమెరా పట్టిన రోజులలో వాడుకలో వున్నది తడి పలక పద్ధతి. ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో దీనిని వెల్లడించాడు. నత్రికామ్లంలో నానబెట్టిన దూదిని ఈథరులోను, ఆల్కహాలులోను కరిగిస్తే కొలోడియన్ అనే జిగురు ద్రవం వస్తుంది. మన బొగ్గు ప్రాంతం వారికి ఈ దూది మరీ పరాయిదేమీ కాదు. గనులలో రాతిని పేల్చడానికి వాడుతూ వచ్చిన జెలటిన్ మందులలో కలిసేది ఆ జాతి దూదియే. ఆ జిగురును శుభ్రమైన గాజు పలక మీద సమంగా పరచి, చీకటిలో వెండి నైట్రేటు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో అమర్చి చిత్రం తీయాలి. తీసిన వెంటనే మళ్ళీ చీకటి గుడారంలోకి పరుగెత్తి పలకను కడగాలి. అంతా కొద్ది నిమిషాలలో ముగియాలి. పలక ఆరితే చిత్రం లేదు. మధ్య భారతపు వేసవిలో ఈథరు ఎంత త్వరగా ఆవిరైపోతుందో వేరే చెప్పాలా? అందువల్ల ఛాయాచిత్రకారుడు ఎక్కడికి వెళ్ళినా కెమెరా, ముక్కాలిపీట, గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, మంచినీళ్ళు, గుడారం అన్నీ బండ్ల మీద వెంట నడవవలసిందే. వెండి నైట్రేటు తగిలిన వ్రేళ్ళు నల్లబడి, ఆ మరకలు రోజుల తరబడి వదిలేవి కావు.

పలక సిద్ధమైనా పని సగమే అయినట్లు. చిత్రాన్ని పెద్దది చేసే సౌకర్యం ఆ రోజులలో అరుదు కనుక, ఎంత చిత్రం కావాలో అంత పలక వాడవలసి వచ్చేది. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణం పట్టించిన కాగితాన్ని పలకకు ఆనించి ఎండలో పెట్టేవారు. సూర్యుడే ముద్రాపకుడు. తరువాత బంగారు లవణం కలిపిన నీటిలో కడిగితే ఆ చిత్రాలకు ఊదా ఛాయ కలిసిన గోధుమ వన్నె వచ్చేది. నూరేళ్ళు దాటిన దీన్‌దయాళ్ చిత్రాలలో నేటికీ కళ తప్పని ఆ వన్నె ఈ వెండి బంగారాలదే. నగల వర్తకుల బిడ్డ చివరకు వెండి బంగారాలతోనే పని చేశాడన్నమాట!

1880 తరువాత కర్మాగారాలలో తయారైన పొడి పలకలు బజారులోకి వచ్చాయి. చీకటి గుడారం వెంట మోయవలసిన అగత్యం తప్పింది. క్షణకాలపు చలనాన్ని పట్టడం సాధ్యమైంది. సైనిక విన్యాసాలు, గుర్రపు స్వారీలు, వేటలు ఆయన చిత్రాలలో చోటు చేసుకొన్నది ఈ మార్పు తరువాతనే.

సర్ లెపెల్ గ్రిఫిన్ అనే ఉన్నతాధికారి వెంట ఆయన బుందేల్‌ఖండ్ తదితర ప్రాంతాలు తిరిగి సాంచి, ఖజురాహో, గ్వాలియరుల కట్టడాలను చిత్రించాడు. ఆ చిత్రాలతో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలను గూర్చిన గ్రంథం 1886లో వెలువడింది. అంతకుముందే 1885లో వైస్రాయ్ లార్డ్ డఫరిన్ ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించాడు. అప్పుడు వచ్చింది అసలు సమస్య. వయస్సు నలభై దాటింది. ఇంట భార్యాబిడ్డలు. చేతిలో సర్కారు కొలువు. నెల తిరిగేసరికి జీతం, వయస్సు మళ్ళితే పింఛను. ఆ కొలువు విలువ ఏమిటో సింగరేణి ఉద్యోగం చుట్టూ ఇంటింటి ఆశలూ అల్లుకొని వున్న మన ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని లేదు. దీన్‌దయాళ్ తొందరపడలేదు. దీర్ఘకాలపు సెలవు పెట్టి, ఈ కళ తనకు అన్నం పెట్టగలదా లేదా అని పరీక్షించుకొన్నాడు. పెట్టగలదని తేలిన తరువాతనే ఉద్యోగానికి స్వస్తి చెప్పాడు. ఇది సాహసమా, వర్తకుల వంశంలో పుట్టినవాని లెక్కా అంటే, రెండూ కలవనే నేను అనుకొంటాను.

అదే 1886లో ఆయన సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి దక్కనువాసి అయినాడు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే సంస్థ ఎల్లందు ప్రాంతపు బొగ్గు త్రవ్వుకొనే హక్కులు సంపాదించినదీ ఆ సంవత్సరమే. నిజాం రాజ్యానికి రైలు, బొగ్గు, ఫోటో ఇంచుమించు ఒకే కాలంలో అలవాటైనాయి. మీర్ మహబూబ్ అలీఖాన్ 1866లో పుట్టాడు. దీన్‌దయాళ్ ఇందోరులో కొలువులో చేరిన సంవత్సరమే అది. 1884లో సర్వాధికారాలు చేపట్టిన ఆ యువ ప్రభువుకు దుస్తుల మీద, వేట మీద, కవిత్వం మీద, క్రొత్త వస్తువుల మీద అపారమైన మక్కువ. ఆయన దీన్‌దయాళ్‌ను ఆస్థాన ఛాయాచిత్రకారుని చేశాడు. దర్బారులు, విందులు, ఊరేగింపులు, ఫలక్‌నుమా గదులు, గోల్కొండ సమాధులు, ఆనాడు నిజాం రాజ్యంలో భాగమైన ఎల్లోరా గుహలు, ఔరంగాబాదులోని బీబీ కా మక్బరా, ఇట్లా రాజ్యమంతా ఆయన పలకల మీదికి ఎక్కింది. ప్రభువు ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రసాదించాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఖడ్గధారులకు ఇచ్చే జంగ్ పదాన్ని కెమెరా పట్టినవానికి తగిలించడంలో ఆ ప్రభువు రసికత వుంది. దాగ్ దెహ్ల్వీ శిష్యుడై, ఆసిఫ్ అనే తఖల్లుసుతో కవిత్వం చెప్పిన నిజాం, దీన్‌దయాళ్‌ను ఉస్తాదులకే ఉస్తాదుగా కీర్తిస్తూ ఒక షేర్ చెప్పాడని ప్రసిద్ధి. మన ఉర్దూ విభాగం విద్యార్థులు దానిని వెదకి కంఠస్థం చేయవచ్చు.

నా దృష్టిలో ఆయన చేసిన పనులన్నింటిలో ఎక్కువగా తలచుకోదగినది 1892లో హైదరాబాదులో తెరచిన జనానా స్టూడియో. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండి ఫోటో దిగే మాటే లేదు. తండ్రి, భర్త, కుమారుల చిత్రాలు గోడలకు వ్రేలాడుతుండగా ఆ ఇంటి ఇల్లాలి రూపం తరువాతి తరానికి తెలియకుండానే పోయేది. దీన్‌దయాళ్ దీనికి ఒక ఉపాయం చేశాడు. ఎత్తైన ప్రహరీగోడల మధ్య, స్త్రీలకు మాత్రమే ప్రవేశం గల స్టూడియోను ఏర్పాటు చేసి, కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితను దానికి అధికారిణిగా నియమించాడు. తీసేదీ స్త్రీయే, దిగేదీ స్త్రీయే. అందులో వ్యాపార దృష్టి లేదని అనలేము. సగం జనాభా గుమ్మం దాటి రాకపోతే ఏ స్టూడియోకైనా నష్టమే కదా! అయినా ఆచారాన్ని నిందించక, దానితో తగవు పడక, దాని హద్దులలోనే స్త్రీకి తన రూపాన్ని తాను చూచుకొనే వీలు కల్పించిన ఆ వివేకం గొప్పది. నేడు మన కళాశాల వార్షికోత్సవంలో మా విద్యార్థినులే ఫోను పట్టి ఫోటోలు తీస్తుంటే నాకు ఆ ఎత్తైన గోడల స్టూడియో జ్ఞాపకం వస్తుంటుంది.

కీర్తి విదేశాలకు ప్రాకింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలు చోటు సంపాదించాయి. విక్టోరియా రాణి నుండి రాజపత్రం లభించింది. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో తెరిచాడు. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరంచంద్ ఆయన పనిలో భాగస్వాములైనారు.

ఇంత చెప్పిన తరువాత మరొక మాట కూడా చెప్పాలి. ఆయన కెమెరా ప్రధానంగా అధికారం వైపు తిరిగి వుండినది. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ మన వరంగల్ ప్రాంతపు నెక్కొండ వద్ద వేటాడినపుడు, చచ్చిన పులితో ఆ దంపతులను తీసిన చిత్రం లోకప్రసిద్ధం. ఆ చిత్రం క్రింద మనం నేడు చదివేది వైస్రాయ్ దంపతుల పేర్లు మాత్రమే. అడవి గాలించి, డప్పులు కొట్టి, ప్రాణాలకు తెగించి పులులను దొరల తుపాకుల ముందుకు తోలడం ఆనాటి వేటలలో ఊరివాళ్ళ వంతు. వాళ్ళకు పేర్లు లేవు. కాని ఆయన సంస్థ పలకలలో 1899-1900 నాటి ఘోర క్షామకాలపు ఔరంగాబాదు ప్రాంతం కూడా వుంది. సహాయక పనులకు చేరిన బక్కచిక్కిన జనం ఆ చిత్రాలలో నిలబడి వున్నారు. సర్కారు వారు తమ దయాదాక్షిణ్యాలు చూపుకోవడానికి తీయించిన చిత్రాలే కావచ్చు. తీయించినవారి ఉద్దేశం ఏదైనా, కటకం తన ముందున్న ఎముకలను దాచలేదు. ఫలక్‌నుమా విందుబల్లను, ఈ ఆకలి వరుసలను ఒకే సంస్థ పలకలు మోశాయి. ఆ రెండింటినీ ప్రక్క ప్రక్కన పెట్టి చూడమని చరిత్ర విద్యార్థులను కోరుతున్నాను.

1903 నాటి ఢిల్లీ దర్బారును చిత్రించిన తరువాత ఆయనకు కష్టకాలం వచ్చింది. 1904లో కుమారుడు ధరంచంద్ మరణించాడు. ఆ మరుసటి యేడు, 1905లో, అరవై ఒకటవ యేట దీన్‌దయాళ్ కన్నుమూశాడు. 1911లో మహబూబ్ అలీఖాన్ కూడా గతించాడు. చౌకైన చేతి కెమెరాలు, చుట్టలు చుట్టిన ఫిల్ము అందుబాటులోకి వచ్చి, ధనికులు తమ ఫోటోలు తామే తీసుకోవడం నేర్చిన రోజులవి. రాజాశ్రయం మీద నిలిచిన స్టూడియోల ప్రాభవం నానాటికీ తగ్గింది.

మిగిలినవి గాజు పలకలు. వారసుల ఇంట దశాబ్దాల పాటు పెట్టెలలో పడి వున్న వాటిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేర ఒక స్టాంపు వెలువరించింది. పగిలినవెన్నో, అరిగినవెన్నో పోగా దక్కిన ఆ పలకలను వెలుతురుకు ఎత్తి పట్టుకొంటే నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా తారుమారై, తలపాగా చుట్టిన ఒక యువ ప్రభువు కుర్చీలో కదలక కూర్చుండి కనబడతాడు.