రహీం సాబ్, వెనక నిలబడ్డవాళ్లు

మన హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసి, ఇండియా ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా వెళ్లి, ఏషియన్ గేమ్స్‌లో రెండుసార్లు బంగారు పతకం తెచ్చిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో మైదాన్ సినిమా వచ్చాక ఆయన పేరు మన క్లాసుల్లో కూడా కాస్త వినబడుతోంది. ఆ పాత్ర అజయ్ దేవ్‌గణ్ వేశాడు కాబట్టి చాలామందికి రహీం ముఖం అంటే అజయ్ దేవ్‌గణ్ ముఖమే! సరే, ఈ వ్యాసం సినిమా గురించి కాదు. రహీం గెలిపించిన మ్యాచ్‌ల్లో గోల్స్ కొట్టినవాళ్ల పేర్లు ఫుట్‌బాల్ చూసేవాళ్లందరికీ తెలుసు. గోల్స్ పడకుండా ఆపినవాళ్లెవరు? నాకు ఆ రెండో లిస్టు మీదే ఆసక్తి. ఎందుకంటే నేను లెఫ్ట్ బ్యాక్‌ని.

నాకు ఈ పిచ్చి పట్టింది కోకాపేటలో. అక్కడి నేల సంగతి మీకు తెలియనిదేముంది, 2023 నియోపొలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అలాంటి చోట మనలాంటివాళ్లకి బంతి తన్నుకునే జాగా అంటే టవర్ల మధ్య వల కట్టిన టర్ఫే. అందరం తలా ఇంత వేసుకుని గంట లెక్కన తీసుకుంటాం, రాత్రిపూట లైట్ల కింద ఆడతాం. గెలిచిన రోజు వాట్సాప్ గ్రూపులో వీడియోలు వరసగా పడతాయి. అన్నీ గోల్స్‌వే. ఒకసారి 1-0తో గెలిచాం. మా సెంటర్ బ్యాక్ గోల్ గీత మీద నుంచి రెండు బంతులు తీశాడు, చివర్లో బంతి కడుపుకి తగిలి కాసేపు లేవలేకపోయాడు. వాడిది ఒక్క వీడియో కూడా లేదు. టీ కొట్టు దగ్గర దీని మీద పెద్ద వాదనే అయింది. గోల్ కొట్టకపోతే గెలుపెక్కడిది అని సగం మంది. ఆ రెండు బంతులూ లోపలికి పోయుంటే ఆ ఒక్క గోల్‌తో ఏం చేసుకునేవాళ్లం అని మిగతా సగం. మాటల్లో ఒక సీనియర్ అన్న 1962 జకార్తా ఫైనల్ తీసుకొచ్చాడు. అందులో డిఫెండర్ జర్నైల్ సింగ్ గోల్ కొట్టాడు కదా, డిఫెండర్లకీ పేరొస్తుంది అని ఆయన పాయింటు. నాకది మింగుడుపడలేదు. డిఫెండర్‌కి పేరు రావాలంటే అతను కూడా గోలే కొట్టాలా? ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే రహీం సాబ్ దగ్గర తేలాను.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు, యూనివర్సిటీ జట్టుకు ఆడారు. తర్వాత పంతులుగారయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూంలో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. ఆ మధ్యలోనే వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల వైపు వచ్చేశారు. ఆయన కోచింగ్ అర్థం కావాలంటే ముందు ఆయన పంతులని గుర్తుపెట్టుకోవాలి. మంచి పంతులు ఫస్ట్ ర్యాంకువాడిని చూసి మురిసిపోతూ కూర్చోడు, చివరి బెంచీవాడికి ఏ లెక్క రావట్లేదో చూస్తాడు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆయన పెట్టిన పోటీలు వింటే ఇప్పటికీ కొత్తగానే ఉంటాయి. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు. బంతి కాలికి రాగానే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి, కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో అన్నమాట. పైకి చూస్తే పిల్లల ఆటలా ఉంటుంది గానీ, వెనక ఆడేవాడి కోణంలో ఆలోచించండి. ప్రత్యర్థి ఎటు నుంచి వస్తాడో డిఫెండర్ చేతిలో ఉండదు. కుడివైపు వచ్చినా ఎడమవైపు వచ్చినా బంతి తీయాలి, తీసిన బంతిని ఒక్క టచ్‌లో మనవాడికి అందించాలి. అక్కడ బంతితో సోకులు పోతే గోలే. అంటే రహీం సాబ్ పది మందికీ డిఫెండర్ క్రమశిక్షణ నేర్పించారని నాకనిపిస్తుంది.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచింగ్ చేపట్టారు. అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. మిగతా ఊళ్లు లెక్కలోకే వచ్చేవి కాదు. అలాంటి రోజుల్లో మన పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. తర్వాత 1956-57లోనూ 1957-58లోనూ హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ పోలీసు జట్టు నుంచి ఇండియాకు ఆడినవాళ్లలో వెనక వరసలవాళ్లు చాలామందే ఉన్నారు. ఫుల్‌బ్యాక్ సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్, డిఫెండర్ అహ్మద్ హుస్సేన్. ఈ మూడు పేర్లలో మీరు ఒక్కటైనా విన్నారా? నేనైతే ఇంటర్ దాకా హైదరాబాద్‌లోనే చదివి కూడా వినలేదు.

1951లో ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్. కోచ్ రహీం. ఇండోనేషియా మీద 3-0, అఫ్గానిస్తాన్ మీద 3-0, ఫైనల్లో ఇరాన్ మీద 1-0. ఈ టోర్నీ గురించి ఎక్కడ చదివినా సాహు మేవాలాల్ పేరే ఉంటుంది, ఫైనల్ గోల్ అతనిదే కాబట్టి అది న్యాయమే. కానీ ఆ మూడు స్కోర్లలో కుడివైపు అంకెలు ఒకసారి చూడండి. సున్నా, సున్నా, సున్నా. మొత్తం టోర్నీలో మనవాళ్లు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ జట్టు కెప్టెన్ శైలేన్ మన్నా కూడా ఫుల్‌బ్యాకే. అయినా ఈ మూడు సున్నాల గురించి ఎవరూ మాట్లాడరు.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో సీన్ రివర్స్. యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లలో ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడారు, ఆ చలిలో. ఆ ఓటమి తర్వాతే మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. కథలన్నీ బూట్ల దగ్గరే ఆగిపోతాయి. అసలు సంగతి ఇంకోటి ఉంది. అప్పటి మన పద్ధతి 2-3-5. అంటే ముందు ఐదుగురు, మధ్యలో ముగ్గురు, వెనక ఇద్దరే ఇద్దరు. వేగంగా పాస్‌లు ఇచ్చుకునే యూరప్ జట్టు మీదికొస్తుంటే ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు ఎందరినని ఆపుతారు? ఆ యుగోస్లావియా మామూలు జట్టేం కాదు, ఫైనల్ దాకా వెళ్లి హంగరీ చేతిలో ఓడింది. రహీం సాబ్ ఆ ఓటమిని బూట్ల మీదకో వాతావరణం మీదకో నెట్టేసి ఊరుకోలేదు. ఆట నిర్మాణమే మార్చడం మొదలుపెట్టారు. ముందున్న మనుషుల్ని వెనక్కి తెచ్చారు. సెంటర్ ఫార్వర్డ్ కాస్త కిందికి దిగి ఆడటం, వెనక వరసలో మనుషుల్ని పెంచడం, చివరికి 1962 నాటికి వెనక నలుగురు ఉండే 4-2-4.

ఆ మార్పు ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. ఆస్ట్రేలియాని 4-2తో ఓడించాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో ఆసియా ఆటగాడి మొదటి హ్యాట్రిక్ అది. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి 0-0! నాలుగేళ్ల కింద పది గోల్స్ కొట్టినవాళ్లని 45 నిమిషాలు సున్నా దగ్గర నిలబెట్టారు. సెకండ్ హాఫ్ మొదట్లో డిసౌజా గోల్‌తో మనమే లీడ్‌లోకి వెళ్లాం. తర్వాత మాత్రం నిలవలేకపోయాం, 4-1తో ఓడాం. చివరి గోల్ మన సలామ్ పేరు మీద సెల్ఫ్ గోల్‌గా రాశారు. వెనక ఆడేవాడి పేరు స్కోరు కార్డులోకి ఎక్కిన ఒక్కసారీ ఇలా ఎక్కింది. ఆ మొదటి 45 నిమిషాలు ఎవరెవరు ఎన్ని బంతులు తీశారో ఆ కార్డులో ఎక్కడా ఉండదు.

ఇండియా ఆ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇప్పటికీ మనకు అదే అత్యుత్తమం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. గోల్ కెప్టెన్ పీకే బెనర్జీది. ఆ జట్టు గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ మన హైదరాబాద్‌లో పుట్టినవాడే. మొదట్లో అతను సెంటర్ ఫార్వర్డ్, తర్వాత గోల్‌పోస్ట్‌ల మధ్యకి మారాడు. గోల్స్ కొట్టే పని వదిలి గోల్స్ ఆపే పనికి వచ్చినవాడన్నమాట. అదే జట్టులో రహీం సొంత కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు, కానీ రోమ్‌లో ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు. కోచ్ కొడుకు బెంచీ మీదే కూర్చున్నాడు. ఈ రోజుల్లో ఊహించగలమా?

ఇక 1962 జకార్తా. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయ్‌లాండ్ మీద గెలిచాం గానీ, మన బెస్ట్ డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. అప్పుడు రహీం సాబ్ ఎవరూ అనుకోని పని చేశారు. జర్నైల్‌ని పక్కన పెట్టకుండా సెమీఫైనల్‌కి సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. అతను గోల్ కొట్టాడు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. ఇక్కడ అందరూ ఆ గోల్ చూసి ఆగిపోతారు, నేను ఆ రెండు చూస్తాను. వెనక నుంచి అంత పెద్ద మనిషిని తీసేస్తే ఖాళీ పడదా? పడింది, రెండు గోల్స్ తిన్నాం. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. అయినా రహీం సాబ్ జర్నైల్‌ని ముందే ఉంచారు. అంటే వెనకున్న మిగతావాళ్లు ఆ ఖాళీ పూడుస్తారని నమ్మారు.

సెప్టెంబర్ 4. స్టేడియంలో దాదాపు లక్షమంది, అందరూ మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్‌కీ తైవాన్‌కీ ఇండోనేషియా వీసాలు ఇవ్వకపోవడాన్ని మన క్రీడా ప్రతినిధి జీడీ సోంధీ తప్పుపట్టారని ఆ ఊరు ఊరంతా మండిపోతోంది. మనవాళ్ల కోసం అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టేనని ఆటగాళ్లు తర్వాత చెప్పుకునేవాళ్లు. మొదటి 20 నిమిషాల్లోనే పీకే ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టేశారు. 2-0.

మనకి తెలిసిన కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ మ్యాచ్ ఇంకా 70 నిమిషాలు ఉంది. ఆ 70 నిమిషాలు ఎవరు ఆడారు? అంతకుముందు మ్యాచ్‌లు ఆడలేకపోయి ఫైనల్‌కి గోల్‌లోకి తిరిగొచ్చిన తంగరాజ్. అతని ముందు చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్. వాళ్ల ముందు ఫ్రాంకో, ప్రశాంత సిన్హా. అవసరమైతే ముందూ వెనకా ఎక్కడైనా ఆడగల మన హైదరాబాదీ యూసుఫ్ ఖాన్. మొదటి మ్యాచ్‌లో మన మీద రెండు కొట్టిన కొరియా ఈసారి ఒక్కటే కొట్టగలిగింది, అది కూడా చివరి ఐదారు నిమిషాల్లో. 2-1. బంగారం మనదే. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

జర్నైల్ గోల్ గొప్పదే, కాదనను. అయితే అతను ముందుకెళ్లి గోల్ కొట్టగలిగాడంటే వెనక అతని చోటు కాసినవాళ్లున్నారు కాబట్టి. టీ కొట్టు దగ్గర అన్న చెప్పిన ఉదాహరణకి ఇదే నా జవాబు. ఇది ఒక్క ఆనాటి ముచ్చటే కాదు. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిచింది గుర్తుందా? ఆ సీజన్ అంటే ఓగ్బెచే 18 గోల్సే అందరి నోటా. ఫైనల్ మాత్రం 1-1 అయి పెనాల్టీలకు పోతే కేరళ కొట్టిన వాటిలో మూడు ఆపి కప్ చేతిలో పెట్టింది గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. కోకాపేట పక్కనే, గచ్చిబౌలి స్టేడియం ఆ జట్టు సొంత గ్రౌండ్. ఇప్పుడు ఆ జట్టే మన ఊళ్లో లేదు, ఢిల్లీకి వెళ్లిపోయింది.

జకార్తా నుంచి తిరిగొచ్చిన రహీం సాబ్ ఎక్కువ కాలం బతకలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న, 54 ఏళ్లు నిండకుండానే పోయారు. ఫైనల్ అయి అప్పటికి తొమ్మిది నెలలు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలవ్వలేదు. ఆయన దగ్గర ఆడినవాళ్లలో పీకే, బలరాం, చునీ గోస్వామి, జర్నైల్, యూసుఫ్ ఖాన్, తంగరాజ్‌లకు అర్జున అవార్డులు వచ్చాయి. వాళ్లను ఒక జట్టుగా నిలబెట్టినాయన పేరు మనదాకా రావడానికి 60 ఏళ్లు, ఒక హిందీ సినిమా కావాల్సి వచ్చింది.

కాబట్టి మిత్రులారా, ఈసారి టీవీలో గానీ మన ఇంటర్ బ్రాంచ్ టోర్నీలో గానీ మ్యాచ్ చూస్తున్నప్పుడు ఒక్క పది నిమిషాలు బంతిని వదిలెయ్యండి. వెనక నలుగురినే చూడండి. ఎవడు ఎవడి చోటు కాస్తున్నాడు, ఎవడు ముందుకెళ్తే ఎవడు కిందికి దిగుతున్నాడు, ఎవడు అరిచి చెబుతున్నాడు. మ్యాచ్ అయ్యాక గ్రూపులో గోల్ వీడియో పెట్టేవాళ్లు ఎలాగూ పెడతారు. మీరు మాత్రం ఆ నలుగురిలో ఒకడి పేరు రాయండి.