రాంకిన్ గారూ, మా అన్నయ్య పికప్పూ

విద్యార్థి సంఘం కార్యదర్శి ఇంటికొచ్చి సావనీరుకి ఏదైనా రాసిపెట్టమని అడిగినప్పుడు, కాలేజీ రోజుల జ్ఞాపకాలు రాద్దామనే అనుకున్నాను. కానీ హాస్టలు సాంబారు మీదా, వైవాల మీదా చెయ్యితిరిగినవాళ్లు ఇప్పటికే చాలా రాసేశారు. అందుచేత మనలో ప్రతివాడూ పరీక్షల్లో పేరు రాసి, మనిషెవరో తెలుసుకోకుండానే డిగ్రీ పుచ్చుకుపోయే ఒక పెద్దమనిషిని గురించి రాస్తున్నాను. ఆయన విలియం జాన్ మాక్వార్న్ రాంకిన్. సివిల్ వాళ్లకి మట్టి ఒత్తిడిలోనూ, మెకానికల్ వాళ్లకి ఆవిరి యంత్రంలోనూ, ఇద్దరికీ స్తంభాల సూత్రంలోనూ తగిలే రాంకిన్ ఒక్కడేనని థర్డియర్ దాకా నాకు తెలియదు. ముగ్గురనుకునేవాణ్ణి. నవ్వకండి, మీలోనూ ఉన్నారు.

ఆయన జోలికి నేను పోవడానికి కారణం చదువు మీది శ్రద్ధ కాదు, ఒక పికప్ బండి.

మా పెదనాన్నగారి అబ్బాయి పికప్ కొని కూరగాయల కిరాయిలకి తిప్పేవాడు. సరుకు ఎక్కువ పట్టాలని చాసిస్ పొడిగించి వెనక ఇరుసు జరిపించాడు. ఆ బండికి ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు ముక్కలుగా, మధ్యలో బేరింగుతో ఉండేది. ఆ సెంటర్ బేరింగు మాటిమాటికీ పోతోందని, అసలు ఆ పీడే లేకుండా ఒకటే పొడుగు గొట్టంతో షాఫ్ట్ చేసిస్తానన్నాడు లేత్ మేస్త్రీ. ఆగుతుందో లేదో చెప్పమని అన్నయ్య నన్నడిగాడు. ఇంట్లో మెకానికల్ చదివేవాణ్ణి నేనొక్కణ్ణే మరి. కాగితం తీసి, ఇంజను టార్కూ, గేరు నిష్పత్తీ, గొట్టం మందమూ వేసి, మెలితిప్పే బలానికి ఎంత ఒత్తిడి వస్తుందో కట్టి, మూడింతల భద్రత ఉంది, ఢోకా లేదని చెప్పాను. ఆ లెక్కలో తప్పు లేదు. కట్టవలసిన లెక్క అది కాదు, అంతే.

లోడుతో పోయినన్నాళ్లూ బండి అరవై దాటలేదు కాబట్టి ఏమీ తెలియలేదు. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎనభై దగ్గర కింద ఏదో గుడగుడలాడేది. చక్రాల బ్యాలెన్సింగు అనుకున్నారు. రెండు నెలల తర్వాత ఒక రాత్రి ఒంగోలు దాటాక హైవే మీద షాఫ్ట్ ముందు జాయింటు దగ్గర, వెల్డింగు పక్కనే విరిగింది. విరిగిన కొస రోడ్డుకి గుచ్చుకుని బండి వెనకభాగాన్ని లేపి పక్కకి తిప్పేసింది. అన్నయ్యకి దెబ్బల్లేవు. క్లీనరు కుర్రాడికి మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది.

విరిగిన ముక్క పట్టుకుని మా మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన తిట్టలేదు, అదే బాధ. ముక్కని కిటికీ దగ్గర వెలుతుర్లో తిప్పి చూసి, రాంకిన్ రాసినవి రెండు చదువుకు రమ్మన్నారు. ఒకటి 1843 నాటిది, ఒకటి 1869 నాటిది.

రాంకిన్ 1820 జూలై 5న ఎడింబరోలో పుట్టాడు. తండ్రి సైన్యంలో పనిచేసి, తరవాత రైల్వే పనుల్లో చేరినవాడు. పిల్లవాడికి ఆరోగ్యం అంతంతమాత్రం కాబట్టి చదువు చాలాభాగం ఇంట్లోనే. పద్నాలుగో ఏట మేనమామ న్యూటన్ ప్రిన్సిపియాని లాటిన్‌లో ఇస్తే కూర్చుని చదివేశాట్ట. మన మేనమామలు వాచీలిస్తారు. ఎడింబరో యూనివర్సిటీలో రెండేళ్లు చదివి, డిగ్రీ తీసుకోకుండానే బయటికొచ్చి, ఐర్లండులో మాక్నీల్ అనే ఇంజనీరు దగ్గర శిష్యరికానికి కుదిరాడు. డబ్లిన్-ద్రోగెడా రైలు మార్గం పనిలో ఉన్నప్పుడే, వంపుల్ని కోణాలతో గుర్తుపెట్టే పద్ధతి కనిపెట్టాడు. సర్వే క్యాంపులో ఎండలో నిలబడి మీరు చేసేది అదే.

1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ తిరిగొస్తున్న రైలుకి మ్యూదాన్ దగ్గర ఇంజను ముందు ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదానిమీదొకటి ఎక్కి అంటుకున్నాయి. ఆ రోజుల్లో ప్రయాణికుల్ని లోపలపెట్టి తలుపులు తాళం వేసేవారు. యాభైమందికి పైగా కాలిపోయారు. ఆ ఇరుసు ఎందుకు విరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. మంచి ఇనుము, మోయగలిగిన బరువు, నిన్నటిదాకా తిరిగిన ఇరుసు. కుదుపులకి ఇనుములోని నారలు పోయి పలుకులుగా మారిపోతుందని పెద్దపెద్ద ఇంజనీర్లే నమ్మారు. విరిగినచోట పలుకులు పలుకులుగానే కనిపిస్తుంది మరి.

ఇరవై మూడేళ్లయినా సరిగ్గా నిండని రాంకిన్ విరిగిన ఇరుసులు కొన్ని తెచ్చుకుని చూశాడు. లావుభాగం సన్నభాగంలోకి దిగే మెడ దగ్గర, మూల సూదిగా తెగ్గోసినచోట, చుట్టూ నున్నటి పగులు ఒకటి మొదలై, రోజురోజుకీ లోపలికి పాకుతూ పోయి, మిగిలిన నడిమి ఇనుము బరువు ఆపలేనంత చిన్నదయ్యాక ఒక్క పెట్టున తెగుతోందని గ్రహించాడు. ఇనుము మారిపోలేదు, ఆకారమే దాన్ని తినేస్తోంది. మెడని గుండ్రటి ఒంపుతో దించాలని 1843లో లండన్ సివిల్ ఇంజనీర్ల సంస్థకి రాశాడు. ఫటీగ్ అని మనం ఇప్పుడు సెమిస్టరంతా చదివేదానికి తొలి మాటల్లో అదొకటి. మాస్టారు కిటికీ దగ్గర చూసింది అదే. మా ముక్కమీద కూడా సగందాకా నున్నగా, మిగతా సగం గరుగ్గా ఉంది. పగులు అప్పటికి ఎన్ని రోజులనుంచి పాకుతోందో!

1855లో గ్లాస్గో యూనివర్సిటీలో లూయిస్ గోర్డన్ స్థానంలో ప్రొఫెసరయ్యాడు. మన స్తంభాల సూత్రంలో ఆయన పక్కనుండే గోర్డన్ ఈయనే. అక్కణ్ణించి పుస్తకాల వర్షం: 1858లో అనువర్తిత యాంత్రిక శాస్త్రం, 1859లో ఆవిరి యంత్రం, 1862లో సివిల్ ఇంజనీరింగు, 1869లో యంత్రాలూ మిల్లు పనులూ. పొటెన్షియల్ ఎనర్జీ అన్న మాట కూడా ఆయన పెట్టిందే. పెళ్లి చేసుకోలేదు. పాటలు కట్టి పియానో మీద తనే పాడి స్నేహితుల్ని నవ్వించేవాడు. ఇవన్నీ పరీక్షకి రావు కాబట్టి వదిలేస్తున్నాను.

రెండోది 1869లో ది ఇంజనీర్ పత్రికలో రాసిన వ్యాసం. తిరిగే కడ్డీ కొద్దిగా వంగితే అపకేంద్రబలం దాన్ని ఇంకా వంచబోతుంది, కడ్డీ బిగువు వెనక్కి లాగుతుంది. ఒక వేగం దగ్గర బిగువు ఓడిపోతుంది. ఆ వేగం పొడుగు వర్గానికి విలోమంగా ఉంటుంది. ఇప్పుడు మా షాఫ్ట్ చూడండి. 75 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం, 2.2 మీటర్ల పొడుగు. నిమిషానికి 2500 చుట్లకి అటూ ఇటూగా దాని ప్రమాద వేగం. ఎనభై కిలోమీటర్ల వేగంలో చక్రం 600 చుట్లు తిరిగితే, డిఫరెన్షియల్ నాలుగింతలు కాబట్టి షాఫ్ట్ 2400. అదే గొట్టం మధ్యలో బేరింగుతో రెండు 1.1 మీటర్ల ముక్కలుగా ఉంటే ఆ వేగం 10,000. మేము పీడ అనుకున్నది ఆ బండికి ప్రాణం. గొట్టం మందం పెంచినా పెద్దగా లాభం లేదు, వ్యాసం పెంచాలి లేదా పొడుగు తగ్గించాలి.

ఇందులో రాంకిన్ ఒకచోట పొరపడ్డాడు. ఆ వేగం దాటి ఏ షాఫ్టూ నిలకడగా తిరగలేదనుకున్నాడు. స్వీడన్లో డి లావల్ 1889లో సన్నని, వంగే షాఫ్టుతో టర్బైను ఆ వేగం దాటించి నడిపాడు. ఎందుకు సాధ్యమో 1919లో జెఫ్‌కాట్ విడమర్చాడు. కానీ టర్బైను ఒకసారి దాటి అక్కడే ఉంటుంది. ప్రతి బ్రేకుకీ, ప్రతి గేరుకీ అటూ ఇటూ తిరిగే పికప్పుకి రాంకిన్ చెప్పినట్టు కిందే ఉండటం తప్ప దారిలేదు.

1872 డిసెంబరు 24న, చూపు మందగించి, ఒంట్లో బాగాలేక, యాభై రెండో ఏట గ్లాస్గోలో పోయాడు.

బండికి మళ్లీ రెండు ముక్కల షాఫ్టే వేయించాం. బ్యాలెన్సు చేయించి, రెండు చివర్ల కవ్వాలూ ఒక వరసలో ఉన్నాయో లేదో నేనే చూశాను. ముందు జాయింటు కింద, విరిగినా రోడ్డు తగలకుండా ఒక ఇనప బద్దె వంచి బిగించాం. క్లీనరు కుర్రాడు నాలుగు నెలలకి నడిచాడు, కొంచెం ఎగుడుదిగుడుగా. ఆస్పత్రి ఖర్చు అన్నయ్య పెట్టాడు, సగం నేను ఉద్యోగం వచ్చాక తీర్చాను. ఆ ముక్క మాస్టారు నాకు తిరిగివ్వలేదు. మెటీరియల్స్ ల్యాబు బీరువాలో పై అరలో, వైరు కట్టి ఉంచారు. అటెండరు నడిగితే తీసి చూపిస్తాడు.