కత్తెర పక్కన పెట్టి మంచుకొండ ఎక్కింది

ఎత్తు అయిదడుగులు కూడా లేదు. ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో ఆడవాళ్ళ ఈత దుస్తులు తయారుచేసే వ్యాపారం. వీలు దొరికితే కత్తెర, టేపు పక్కన పడేసి కొండలకు వెళ్ళిపోయేది. క్లోడ్ కోగాన్ గురించి చదివినప్పుడల్లా నాకు ముందు ఆ కత్తెరే కళ్ళముందు మెదులుతుంది.

1919లో పారిస్‌లో పుట్టింది. చిన్న వయసులోనే కుట్టుపనిలో చేరింది. భర్త జార్జ్‌కీ కొండలంటే ప్రాణం. 1951లో ఇద్దరూ పెరూ వెళ్ళారు. ఆ ఏడే ఆయన పోయాడు. ఆమె మాత్రం కొండల్ని వదల్లేదు. 1953లో మన దేశంలోనే, హిమాలయాల్లోని 7,135 మీటర్ల నున్ శిఖరాన్ని మొట్టమొదట ఎక్కిన ఇద్దరిలో ఒకరు ఆమే. మరుసటేడు నేపాల్-టిబెట్ సరిహద్దులోని చో ఓయు మీద దాదాపు 7,600 మీటర్ల దాకా వెళ్ళి, గాలికి తాళలేక వెనక్కి వచ్చింది.

ఆ బాకీ తీర్చుకోవాలనుకుందో ఏమో, 1959లో అదే కొండకు పన్నెండుమంది ఆడవాళ్ళతో బయల్దేరింది. టెన్సింగ్ కూతుళ్ళు పెమ్ పెమ్, నీమా, మేనకోడలు డోమా కూడా ఆ జట్టులో ఉన్నారు.

మంచుకొండ మీద అసలు భయం జారిపడటం కాదండీ, కాలికింద పొర ఊడిరావడం. పాత మంచు మీద కొత్త మంచు పడుతుంది. గాలి దాన్ని ఒకవైపు వాలుకు చేర్చి గట్టి పలకలా చేస్తుంది. అడుగు పొర బలహీనంగా ఉంటే, చెమ్మెక్కిన గోడ పెచ్చు ఊడినట్టు వాలంతా ఒక్కసారే కిందికి వస్తుంది. మరీ నిట్రమైన చోట మంచు నిలవదు. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే ప్రమాదం ఎక్కువ. భారీగా మంచు కురిశాక ఒకటి రెండు రోజులు అలాంటి వాలు జోలికి పోవద్దని ఇప్పుడు నేర్పుతున్నారు.

ఆ అక్టోబరు మొదట్లో పై శిబిరంలో క్లోడ్, బెల్జియం యువతి క్లోదీన్ వాన్ డెర్ స్ట్రాటెన్, షెర్పా అంగ్ నోర్బు ఉన్నారు. ఎడతెగని మంచు. పైనుంచి విరిగిపడ్డ మంచుచరియ శిబిరాన్నే తుడిచిపెట్టింది. వాళ్ళకోసం పైకి వెళ్ళబోయిన షెర్పాల్లో చేవాంగ్ కూడా మరో చరియ కింద పడి చనిపోయాడు. క్లోడ్ పేరు చెప్పే చాలామందికి ఈ ఇద్దరు షెర్పాల పేర్లు తెలియవు. నాకది మింగుడుపడదు.

ఆడవాళ్ళకెందుకీ సాహసాలన్న మాట అప్పుడూ వచ్చింది. 1937లో నంగా పర్బత్ మీద ఒక్క చరియ కింద పదహారుమంది మగవాళ్ళు గుడారాల్లోనే సమాధి అయ్యారు. అప్పుడు మగవాళ్ళకెందుకని ఎవరైనా అడిగారా?

చో ఓయు శిఖరం మీద ఆడవాళ్ళు తొలిసారి అడుగుపెట్టింది 1984లో. వాళ్ళు వేరా కొమార్కోవా, దీనా స్టెర్బోవా.