అజరయ్య ఎందుకు బిషప్ అయ్యారు?

పేరుకు ముందు ఏ బిరుదు ఉండాలన్నది తెలుగు క్రైస్తవ సమాజంలో చిన్న ప్రశ్న కాదు. ఊరి కూడళ్లలో ఫ్లెక్సీ మారిన ప్రతిసారీ బ్రదర్ పాస్టర్ అవుతాడు, పాస్టర్ రెవరెండ్ అవుతాడు, రెవరెండ్ బిషప్ అవుతాడు; అపొస్తలుల దాకా వెళ్లినవారూ ఉన్నారు. చూసి నవ్వేవారే ఎక్కువ. నేను నవ్వలేను. తరతరాలుగా ఒరేయ్ అన్న పిలుపు తప్ప వినని వాడలోంచి వచ్చిన మనిషికి 'అయ్యగారు' అన్న మాట ఏమి ఇస్తుందో నవ్వేవారికి తెలియదు. అయితే ఆ బిరుదు దేనికోసం అన్న ప్రశ్న మాత్రం అడగవలసిందే. దాన్ని నేటి ఫ్లెక్సీల దగ్గర కంటే డోర్నకల్ తొలి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య జీవితం దగ్గర అడగడం మేలని నా అభిప్రాయం.

ఆయన తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళైలో నాడార్ కుటుంబంలో పుట్టారు. తండ్రి గ్రామ చర్చి గురువు. తాళ్లెక్కి కల్లు గీసే కులంగా నాడార్లకు అప్పట్లో ఆలయ ప్రవేశం లేదు; దక్షిణ తిరువాన్కూరులో ఆ కులపు స్త్రీలు రవిక తొడుక్కునే హక్కు కోసమే దశాబ్దాలు పోరాడారు. అజరయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని పట్టా పుచ్చుకోలేదు. 1895లో వైఎంసీఏ కార్యదర్శిగా చేరారు. దక్షిణ భారతమంతా, సిలోను దాకా తిరిగారు. యాళ్పాణం తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సువార్త సేవ నడపడం చూసి, 1903లో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించడంలో ముందు నిలిచారు. 1905లో సీరాంపూరులో పుట్టిన నేషనల్ మిషనరీ సొసైటీ వెనుకా ఆయనే ఉన్నారు.

అప్పటికి ఆయన గురువు కాదు, సామాన్య విశ్వాసి. ఆ హోదాలోనే ఆయనకు కావలసినంత పేరు, స్వేచ్ఛ ఉన్నాయి. ఏ తెల్ల బిషప్ చేతి కిందా పనిచేయనక్కరలేదు. అలాంటివాడు 1909లో, 35 ఏళ్ల వయసులో, ఆ ఉద్యోగం వదిలి గురువుగా అభిషేకం పొంది, నైజాం రాజ్యంలో రైలు జంక్షన్ తప్ప మరేమీ లేని డోర్నకల్‌కు వచ్చారు. తిరునల్వేలి పేద క్రైస్తవుల చందాలతో నడిచే మిషన్ అది. భాష కొత్తగా నేర్చుకోవాలి. ఎదురుగా ఉన్నది మాల, మాదిగ పల్లెలు.

మూడేళ్లకు బిషప్ పదవి ప్రస్తావన వచ్చింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టారు. తెల్లవాడు నల్లవాడి ఆజ్ఞకు ఎలా లోబడతాడన్నది మిషనరీల అసలు భయం. అభ్యంతరాలు వారి నుంచే కాక భారతీయ క్రైస్తవుల నుంచీ వచ్చాయి. 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనరీలు భారతీయులతో స్నేహంగా మెలగరని ముఖం మీదే చెప్పి వచ్చిన మనిషి కదా, ఆ కోపమూ కొందరికి చల్లారలేదు. చివరికి కొత్తగా ఒక చిన్న డయాసిస్ చేసి, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ను బిషప్‌గా ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

ఆయన ఎందుకు ఒప్పుకున్నారు? గౌరవం కోసమే అయితే వైఎంసీఏ చాలు. నాకు తోచే కారణం ఆంగ్లికన్ నియమాల్లోనే ఉంది. ఆ సంఘంలో ఒక మనిషి తలపై చేతులుంచి గురువును చేయగల అధికారం బిషప్‌కే ఉంది. ఉపదేశి ఎంత చదివినా, ఎన్నేళ్లు బోధించినా ఉపదేశిగానే ఉంటాడు. రొట్టె విరిచి ప్రభు భోజనం ఇవ్వలేడు. కృష్ణా తీరంలో ఈ గీత ఎలా పనిచేసిందో చూడండి. రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో బడి పెట్టింది పై కులాల పిల్లలను దృష్టిలో ఉంచుకునే. సంఘం నిజంగా పెరిగింది మాత్రం 1859లో రాఘవాపురం మాల నాయకుడు పగోలు వెంకయ్య బాప్తిస్మం తర్వాత, మాలపల్లెల నుంచి. జనం వాళ్లు, పీఠం మరొకరిది. 1920 ప్రాంతంలో ఈ బందరు, బెజవాడ, ఏలూరు సీమ కూడా అజరయ్య డయాసిస్‌లో చేరింది; తెల్ల మిషనరీలు ఆయన అధికారం కిందికి రాక తప్పలేదు.

ఆ అధికారంతో ఆయన చేసిన పనికి లెక్క ఉంది. 1935 నాటికి డయాసిస్‌లో 250 మంది భారతీయ గురువులు, 2,000కు పైగా గ్రామ ఉపాధ్యాయులు పనిచేస్తున్నారు. వారిలో అత్యధికులు అంటరాని కులాలవారే. గురువు కాబోయేవాడితో పాటు అతని భార్యకూ డోర్నకల్‌లో శిక్షణ ఇచ్చేవారు. అజరయ్య భార్య అన్బు ఆ పనిలో ముఖ్యురాలు. బ్రాహ్మణ పురోహితుడికే చెల్లే 'అయ్యగారు' మాలపల్లె మనిషికి చెల్లడం ఇలా ఊరూరా విస్తరించింది.

లోపాలు లేవనను. మాల, మాదిగల మధ్య పోటీ సంఘంలోకీ వచ్చింది. అభిషేకం దాన్ని కడిగేయలేదు. 1932 కమ్యూనల్ అవార్డు సమయంలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్న ఆయన వైఖరితో నేను ఏకీభవించను. సంఘం రాజకీయ కులంగా మారరాదన్న ఆయన ఆందోళన అర్థమవుతుంది గాని, రాజకీయ బలం లేని గౌరవం ఎంతకాలం నిలుస్తుంది? హరిజనులు తెలియక మతం మారుతున్నారన్న గాంధీ వాదానికి ఎదురు నిలిచి, వాళ్ల తెలివిని వెనకేసుకొచ్చిన ధైర్యం మాత్రం ఆయనదే.

ఆ ప్రశ్న చట్టంలో నేటికీ మిగిలే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది; 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. కులం పేరుతో దూషించారని ఫిర్యాదు చేసిన ఒక పాస్టర్‌కు అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. ఏళ్ల తరబడి పాస్టర్‌గా ఉండటమే ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యమైంది. తిట్టినవాడికి గుర్తున్న కులం చట్టానికి కనబడలేదు.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే మరణించారు. బ్రిటిష్ కాలమంతా చూస్తే, 1912 నుంచి ఆ రోజు వరకు, 32 ఏళ్లు, ఆంగ్లికన్ సంఘంలో సొంత డయాసిస్ ఉన్న భారతీయ బిషప్ ఆయన ఒక్కరే. మరికొందరికి బిషప్ బిరుదు దక్కింది గాని సహాయకులుగానే. 1919లో తరంగంబాడిలో తాను మొదలుపెట్టిన ఐక్యత ప్రయత్నం ఫలించి 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడటం ఆయన చూడలేదు. బిషప్‌లు లేని సంఘాలు కూడా అందులో కలిశాయి. బిషప్ పదవి ఉండాలి గాని అది సంఘ రాజ్యాంగానికి, ఎన్నికకు లోబడాలన్న షరతు మీద.