హెన్రియెట్టా లాక్స్: అడగకుండా తీసుకున్న కణాలు

ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడే హీలా కణాల పేరు చాలామంది విన్నారు. అవి ఎవరి ఒంట్లోవో ఇక్కడ చెప్పదలచుకున్నాం.

హెన్రియెట్టా లాక్స్ 1920లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోవడంతో క్లోవర్‌లో తాత దగ్గర పెరిగారు. వాళ్లున్న చెక్క ఇల్లు ఒకప్పుడు బానిసలను ఉంచినది. పొగాకు చేలల్లో పనిచేశారు. పెళ్లయ్యాక భర్త ఉక్కు ఫ్యాక్టరీ పని కోసం బాల్టిమోర్ పక్కకు చేరారు. ఐదుగురు పిల్లలు.

1951 జనవరిలో ఆమె జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ నల్లవాళ్ల వార్డు వేరు. (రెండు గ్లాసుల పద్ధతి చూసిన మనకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.) గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. చికిత్స మొదలుపెడుతూ డాక్టరు కణితి ముక్క తీసి జార్జ్ గై ప్రయోగశాలకు పంపాడు. ఆమెను అడగలేదు. అంతవరకు ప్రయోగశాలలో మనిషి కణాలు కొన్నాళ్లకే చచ్చిపోయేవి. ఆమెవి రోజుకోసారి రెట్టింపయ్యాయి. అక్టోబర్ 4న, 31 ఏళ్లకే ఆమె కన్నుమూశారు. కణాలు దేశాలు తిరిగాయి. పత్రికల్లో ఆమె పేరు హెలెన్ లేన్‌గా మారిపోయింది. సమాధి మీద 2010 దాకా రాయి కూడా లేదు.

పోలియో టీకా పరీక్షలకు ఆ కణాలను పెంచి పంపింది టస్కిగీలోని నల్లజాతి సిబ్బందే. అదే టస్కిగీలో, సిఫిలిస్ ఉన్న నల్లవాళ్లకు వైద్యం ఇవ్వకుండా గమనించే ప్రభుత్వ ప్రయోగం అప్పుడు నడుస్తోంది!

గై కణాలను ఉచితంగా పంచాడు. అమ్ముకున్నవి ఆ తర్వాత వచ్చిన కంపెనీలు. కుటుంబానికి సంగతి తెలిసింది 1970లలో, పరిశోధకులు వాళ్ల రక్తం కోసం వచ్చినప్పుడు. 2013లో యూరప్ శాస్త్రవేత్తలు ఆ కణాల జన్యు వివరాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టారు, మళ్లీ అడగకుండానే. కుటుంబం అభ్యంతరం చెప్పాక, ఆ డేటా ఎవరికివ్వాలో చూసే కమిటీలో ఇద్దరు కుటుంబ సభ్యులకు చోటు దక్కింది. డబ్బు మాట అందులో లేదు. థర్మో ఫిషర్ కంపెనీపై 2021లో వేసిన దావా 2023లో రాజీతో ముగిసింది, షరతులు బయటపెట్టలేదు. మొక్కల జన్యువులతో వచ్చే లాభంలో వాటా అడగడానికి నగోయా ఒప్పందం ఉంది. మనిషి జన్యువులకు అది వర్తించదు. పేదల ఒంటి నుంచి తీసుకున్నదానికీ వాటా ఉండాలనే మేమంటాం.

ఆమె కణాల్లో హెచ్‌పీవీ-18 వైరస్ ఉందని 1980లలో తేలింది. ఈ క్యాన్సర్‌కు టీకా అలాంటి పరిశోధనల నుంచే వచ్చింది. 2009లో అదే టీకాను ఖమ్మం జిల్లాలో, ఎక్కువగా ఆదివాసీ బాలికలకు, ఒక అధ్యయనం పేరిట వేశారు. చాలా అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు.